అయిదు మూరల తగువు

కందకంలోకి దిగే నిచ్చెనకి తొమ్మిది మెట్లు. ఆరో మెట్టు దిగేసరికి చలి మొదలవుతుంది. గుస్నెలి రోజూ పొద్దున ఏడింటికి దిగేది. ఎండ నడినెత్తికి వచ్చాక ఒకసారి పైకొచ్చి తిని, మళ్ళీ దిగి, సాయంత్రం నమాజు పిలుపు వినిపించాకే పైకొచ్చేది. కోటో రానా దగ్గర ఏటికి అడ్డంగా కట్టబోయే ఆనకట్ట ఎడమ భుజం ఎక్కడ ఆనుతుందో సరిగ్గా అక్కడ, కోతలైపోయిన ఒక మడిలో ఆ కందకం తవ్వారు. పద్దెనిమిది మీటర్ల పొడవు, నిలువున్నర లోతు. గోడ నిండా మేకులు కొట్టి, దారాలు లాగి, మీటరుకో గడి కట్టారు. ఒక్కో గడిలో ఏ మట్టి పొర ఎక్కడ మొదలైందో, ఎక్కడ తెగిందో గ్రాఫు కాగితం మీద రంగు పెన్సిళ్ళతో ఎక్కించడం ఆమె పని. ఈ నేల కింద పగులు ఉందా, ఉంటే అది బతికి ఉందా చచ్చిపోయిందా అన్నది గోడే చెప్పాలి. బతికున్న పగులు మీద ఆనకట్ట కట్టరాదు. కట్టబోయే ఆనకట్ట దిగువన ఏడు ఊళ్ళున్నాయి, వాటిలో మొదటిది కోటో రానా.

గోడ చెప్పింది రాయడం వరకే తన పని, రాసినదాన్ని పైవాళ్ళు ఏం చేసుకుంటారన్నది తనది కాదు. ఈ సంగతి గుస్నెలి నేర్చుకుని రెండేళ్ళయింది. ఇంతకుముందు రెండు చోట్ల ఆమె రాసిన పేజీ అచ్చయిన నివేదికలో లేదు. మొదటిసారి పోట్లాడింది. రెండోసారి ఊరుకుంది. అప్పటినుంచి పంటికి మత్తు సూది వేసిన బుగ్గలా ఉంది మనిషి. పిలిస్తే పలుకుతుంది, నవ్వాల్సిన చోట నవ్వుతుంది, పెట్టింది తింటుంది. ఏం తిన్నావని గంట తర్వాత అడిగితే మాత్రం చెప్పలేదు.

గోడలు గోకి నునుపు చేయడానికి ఊళ్ళోంచి ఆరుగురు ఆడవాళ్ళు వచ్చేవారు. ఆమెని వెనకాల "గెంపా బు" అనేవారు, అంటే భూకంపాల మేడమ్ అని. ముఖం మీద కూడా అనేవారు, ఆమె ఏమీ అనుకోదని తెలిశాక. ఆ ఆరుగురికీ పెద్ద అస్నిదార్. అరవై నాలుగేళ్ళది, పొట్టి మనిషి, చేతిలో తాపీ ఉంటే ఆ గోడకిక భయం లేదు. ఆ లోయలో గట్లు చెక్కి మెత్తడంలో ఆమెని మించినవాళ్ళు లేరని ఒప్పుకుంటూనే, ఆ ఒప్పుకోవడంలో ఏదో వెటకారం కలిపేవారు మిగతావాళ్ళు.

మధ్యాహ్నం టార్పాలిను కింద అందరూ అరిటాకు పొట్లాలు విప్పేవారు. అక్కడి ఆడవాళ్ళు ఒకరి పొట్లం ఒకరు తాకకుండా తినలేరు. ఒకరి చేపముక్క ఇంకొకరి ఆకులోకి, ఆమె పచ్చిమిరప నూరుడు ఈమె ఆకులోకి. అయిదు పొట్లాల మీద పది చేతులు తిరిగేవి. ఆరోది అస్నిదార్ పొట్లం. దాని దగ్గరికి ఏ చెయ్యీ వచ్చేది కాదు, ఆమె చెయ్యీ ఎటూ పోయేది కాదు. మొదటిరోజు తెలియక గుస్నెలి ఆమె పక్కన కూర్చుని ఆమె అన్నం తినేసింది. తర్వాత అదే అలవాటైంది. అస్నిదార్ రెండు పొట్లాలు తేవడం మొదలుపెట్టింది.

నాలుగో రోజు, అస్నిదార్ చేతులు కడుక్కోడానికి కాలవకి వెళ్ళినప్పుడు, గుస్నెలి యుర్లిస్‌ని అడిగింది. యుర్లిస్ మాటకారి, నలభై ఏళ్ళది.

"ఆవిడ అన్నం ఎవరూ ముట్టుకోరేం?"

"వాళ్ళది గట్టు జరిపిన ఇల్లు బు. ఆ మడి బియ్యం మాకు గొంతు దిగదు."

"ఎప్పుడు జరిపింది?"

"ఈవిడ కాదు, ఈవిడ తల్లి. మా అమ్మమ్మ నాటి మాట. పక్కనున్న షంసినార్ వాళ్ళ పొలంలోకి అయిదు మూరలు జరిపేశారు. తీర్పులు చెప్పే ఊరి మేనమామలందరూ కూర్చుని చూసి తేల్చారు కూడా."

"నువ్వు చూశావా?"

"చూడ్డానికేముంది? ఏటి ఒడ్డు హద్దు రాయి దగ్గర నిలబడితే గుడ్డివాడికైనా కనబడుతుంది." యుర్లిస్ వేళ్ళు నాకింది. "మీరు తింటున్నారుగా, ఏమీ కాలేదుగా. బయటివాళ్ళకి పరవాలేదు లెండి."

అందరూ నవ్వారు. గుస్నెలి కూడా నవ్వింది. పొరలు ఎన్ని వేళ్ళు జరిగాయో కొలవడానికే ఆమెకి జీతం ఇస్తున్నారు. అయినా అయిదు మూరల మాట ఆ చెవిన పడి ఈ చెవి గుండా పోయింది. దిగి అయిదో గడి గీయడం మొదలుపెట్టింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం, ఉత్తరపు గోడ పదకొండో గడిలో, పగులు దొరికింది. నల్లబంక మన్ను పొర తిన్నగా వచ్చి టక్కున తెగింది. దాని అవతలి సగం జానెడు కిందికి ఉంది. ఆ పైన ఇసుక పొర కూడా తెగింది. ఆ పైన గులకరాళ్ళ పొర కూడా. సన్నటి చీలిక పైపైకి పాకి, దున్నుడు మట్టికి బెత్తెడు కింద మాయమైంది. గుస్నెలి తెగిన ప్రతి చోటా ఎర్ర కాగితపు జెండా గుచ్చింది. పదకొండు జెండాలయ్యాయి. అంత పైదాకా వచ్చిందంటే పగులు చచ్చింది కాదు, నిన్నమొన్న కదిలిందే. ఆ సంగతి ఆమె తలకి తెలిసింది. గుండె ఏమీ కొట్టుకోలేదు. ఫోను తీసి హర్జోనోని పిలిచింది.

హర్జోనో జట్టుకి పెద్ద, అందరూ పాక్ అంటారు, అంటే సార్ అని. జకార్తా నుంచి వచ్చాడు, జావా మనిషి, గొంతు ఎప్పుడూ లేవదు. నిచ్చెన దిగి, జెండాలన్నీ ఓపిగ్గా చూశాడు.

"నీ కళ్ళు మంచివి గుస్నెలి."

"జీవమున్న పగులే పాక్."

"దున్నుడు మట్టి తెగలేదుగా?"

"ఏటా రెండుసార్లు తిరగేసే మట్టి అది. అందులో ఏ చీలిక నిలుస్తుంది?"

"అది నీ అభిప్రాయం. కాదనను." అతను మోకాళ్ళ మట్టి దులుపుకున్నాడు. "రేపు తొమ్మిదింటికి నిపుణుల కమిటీ వస్తోంది. ఈ గడీ, దీని అటూ ఇటూ గడులూ వాళ్ళ ముందే గీద్దువుగాని. ఇవాళ వెలుతురు పోయింది, ఫోటోలు తీసి వచ్చెయ్."

ఫోటోలు తీసింది. వాటిలో సగం, గోడలు కూలకుండా పెట్టిన ఊతం కర్రల నీడలే పడ్డాయి. నిచ్చెన ఎక్కుతూ పైన ఉన్న ఆడవాళ్ళతో, "రేపు పెద్దవాళ్ళు వస్తున్నారు, గోడ చూడ్డానికి" అంది. మర్యాదకి అన్న మాట అది. దాంతోనే కొంప మునిగింది.

మర్నాడు, కమిటీ తొమ్మిదింటికి కదా అని ఆలస్యంగా ఎనిమిదిన్నరకి, మంచు ఇంకా విడవకముందే దిగితే, గోడ లేదు.

అంటే గోడ ఉంది, ఆమె గోడ లేదు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పద్దెనిమిది మీటర్లూ తడిమట్టితో మెత్తి, తాపీతో దువ్వి, అరచేత్తో నున్నగా రాసి ఉంది. కొత్త నాట్లకి ముందు గట్టు మెత్తినట్టు. ఒక్క గీత లేదు, ఒక్క పొర లేదు. మేకులన్నీ పీకి గుడ్డలో మూటకట్టి ఉన్నాయి. దారం ఉండ చుట్టి ఉంది. జెండాలు బిస్కెట్ల డబ్బాలో రంగుల వారీగా పేర్చి ఉన్నాయి. కందకం చివర అస్నిదార్ మోచేతుల దాకా మట్టితో నిలబడి ఉంది. వెనకాల యుర్లిస్, ఇంకో ఇద్దరూ ఉన్నారు.

"తెల్లవారక ముందొచ్చాం బు," అంది యుర్లిస్, మెచ్చుకోలు కోసం. "ఎంత దూరం నుంచో వస్తున్నారంట కదా. గోడంతా గోకి గోకి కోళ్ళు కెలికినట్టుంది. చూసినవాళ్ళు మా ఊరి ఆడవాళ్ళకి చేత కాదనుకోరూ?"

"ఎతెక్ చెప్పింది," అంది మరొకామె అస్నిదార్‌ని చూపిస్తూ, పిన్ని అన్న వరసతో. తప్పొప్పులేమైనా ఉంటే అటు తోసెయ్యొచ్చని.

అస్నిదార్ గుస్నెలి ముఖం చూస్తోంది. గట్టు దొంగల ఇంటి మనిషి, అతిథులొస్తున్నారంటే, ఊళ్ళోకెల్లా మంచి గట్టు కట్టి చూపించింది. అంతకన్నా ఆమెకి ఇవ్వడానికేముంది?

పైన జీపు ఆగిన చప్పుడైంది.

హర్జోనో ముందు దిగాడు. గోడని చూసి ఆగిపోయాడు. రెండు క్షణాలు ఎక్కువే ఆగాడు. తర్వాత, "శుభ్రంగా ఉంది" అన్నాడు మెల్లగా, తనలో తనే.

కమిటీలో ముగ్గురు. ఇద్దరు కందకం పొడుగునా నడిచి, తలలూపి, పైకెళ్ళి సిగరెట్లు వెలిగించారు. మూడోవాడు తరిగాన్ అనే ముసలాయన, చేతికర్ర మీద వచ్చాడు. ఆయన గోడని బొటనవేలితో నొక్కి, వేలు వాసన చూశాడు.

"ఎవరు మెత్తారమ్మా ఇది?"

"నేనే పాక్," అంది అస్నిదార్.

"మంచి చెయ్యి." ఆయన గుస్నెలి వైపు తిరిగాడు. "దీని వెనక ఏం చూశావు?"

"ఒక అనుమానం ఉంది," అన్నాడు హర్జోనో, ఆమె కన్నా ముందే. "రూఢి కాలేదు. అయ్యాక రాస్తాం."

తరిగాన్ అతని వైపు చూడలేదు. ఆమె వైపే చూస్తూ నిలబడ్డాడు. పగులుంది, పదకొండు జెండాలు గుచ్చాను, ఒక్క పూట ఆగితే మళ్ళీ చెక్కి చూపిస్తాను. ఈ మూడు ముక్కలూ ఆమె నాలుక మీదే ఉన్నాయి. నాలుక కదలలేదు. భయం కాదు. చెప్తే ఏమవుతుందో తెలుసు, అంతే.

"ఫోటోలున్నాయి," అంది.

ఆయన జేబులోంచి కాగితం చించి, ఫోను నంబరు రాసి, ఆమె పెన్సిళ్ళ డబ్బాలో పడేశాడు. "నాకు నేరుగా పంపు." నిచ్చెన ఎక్కడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. మొత్తం పాతిక నిమిషాల్లో జీపు వెళ్ళిపోయింది.

ఫోటోలు ఆమె పంపలేదు. సాయంత్రం ఒకసారి తెరిచి చూసుకుంది. నీడలో నీడ. తనకి తెలుసు కాబట్టి పగులు కనబడుతోంది, తెలియనివాడికి ఊతం కర్ర నీడే. ఫోను మూసేసింది.

మరుసటిరోజు పొక్లెయిన్ వచ్చింది. నారుమళ్ళ వేళ దాటకుండా మడి సొంతదారుకి ఇచ్చెయ్యాలట. కమిటీ చూసేసింది కాబట్టి కందకం పూడ్చమని హర్జోనో చెప్పి, తను ఊరు వెళ్ళాడు. పొక్లెయిన్ మట్టి తోస్తుంటే గుస్నెలి గట్టు మీద కూర్చుని చూసింది. ఎనిమిది రోజుల పని రెండు గంటల్లో నిండిపోయింది. సామాను సర్దుకోవడమే మిగిలింది. మిగతా ఆడవాళ్ళు కూలీ తీసుకుని వెళ్ళిపోయారు. అస్నిదార్ వెళ్ళలేదు. వచ్చి పక్కన కూర్చుని పొట్లం విప్పి పెట్టింది.

"నేను ఏం మెత్తేశాను బు?"

"ఏం లేదు ఎతెక్. తినండి."

"ఆ ముసలాయన నా చెయ్యి మంచిదన్నాడు. అంటూ నీ వంక జాలిగా చూశాడు. నాకు కళ్ళు లేవా?"

గుస్నెలికి అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు. రెండు ఎక్సర్‌సైజు పుస్తకాలు తీసి పక్కపక్కన అంచులు కలిపి పెట్టింది. రెంటి మీదుగా పెన్సిలుతో ఒక అడ్డగీత గీసింది. "నేల ఇలా రెండు ముక్కలుగా ఉంది, ఇక్కడ. మధ్యలో పగులు. ఎప్పుడో ఒకసారి తెంపు వస్తుంది, అప్పుడు ఇలా జారుతుంది." ఒక పుస్తకాన్ని జరిపింది. గీత తెగి, ఒక సగం పక్కకి పోయింది. "నేను వెతికింది ఈ తెంపు. గోడలో దొరికింది."

"నేను మెత్తాను."

"మీరు మెత్తారు."

అస్నిదార్ పుస్తకాల వైపే చూస్తోంది. "ఎటు జారుతుంది?"

"ఇక్కడ కుడికి. ఏటి వంపులు చూస్తే తెలుస్తుంది. ఇటు నిలబడి చూస్తే అటు నేల కుడికి పోతుంది."

"అటు నిలబడి చూస్తే?"

"అప్పుడు ఇటు నేల కుడికి పోయినట్టుంటుంది."

"ఎటునుంచి చూసినా అవతలివాళ్ళే కుడికా?"

"ఎటునుంచి చూసినా."

అస్నిదార్ లేచి వెళ్ళి పుస్తకాలకి అవతలి వైపు గొంతుక్కూర్చుంది. గీతని అటునుంచి చూసింది. మళ్ళీ ఇటు వచ్చి చూసింది. మోకాలు నొప్పిని తిట్టుకుంటూ రెండుసార్లు అలా తిరిగింది. తర్వాత పొట్లం మడిచి కట్టేసింది.

"లే బు. ఆ కొలిచే టేపు తీసుకో."

ఆమె ఇల్లు కొండ మొదట్లో ఉంది. పెరటి వెనక పొలం హద్దు రాయి, మోకాలెత్తుది, నాచు పట్టింది. అక్కడినుంచి గట్టు ఏటి వైపు తిన్నగా దిగుతుంది. కుడిచేతి వైపు అస్నిదార్ మళ్ళు, ఎడమచేతి వైపు షంసినార్ మళ్ళు. రాయి మీద చెయ్యి వేసి నిలబడి చూస్తే, గట్టు సగం దూరం తాడు లాగినట్టు వెళ్ళి, ఒక వెదురు పొద దగ్గర చటుక్కున కుడికి గెంతి, అక్కడినుంచి మళ్ళీ తిన్నగా ఏటి రాయి దాకా పోతోంది.

"మా అమ్మ ఇక్కడ నిలబెట్టి చూపించేది," అంది అస్నిదార్. "చూడవే, గట్టు జరిపింది వాళ్ళు, దొంగలమని పేరు మనకి, అనేది. షంసినార్ ఇల్లు ఏటి రాయి దగ్గర. అక్కడినుంచి పైకి చూస్తే పై సగమే కుడికి గెంతినట్టుంటుంది, అంటే వాళ్ళ మళ్ళలోకి. ఊరి మేనమామలు తేల్చడానికొచ్చిన రోజు వాళ్ళింటి అరుగు మీద కాఫీ తాగుతూ కూర్చుని చూశారు. ఇక్కడిదాకా ఎక్కి రాలేదు. ఎండగా ఉందన్నారట."

గుస్నెలి వెదురు పొద దగ్గరికి దిగింది. ఎప్పుడు పరిగెత్తడం మొదలుపెట్టిందో ఆమెకే తెలియదు. గట్టు తెగిన చోట టేపు పట్టింది. రెండు మీటర్ల ఇరవై ఏడు. గట్టు వెంట పారే పిల్లకాలవ కూడా అక్కడే గెంతింది. రెండు మీటర్ల ముప్ఫై. మళ్ళీ కొలిచింది. మూడోసారీ కొలిచింది, అంతే వచ్చింది. తల తిప్పి పూడ్చేసిన కందకం వైపు చూసింది. కందకంలోని పదకొండో గడి, ఈ వెదురు పొద, ఏటి వంపు, మూడూ ఒకే వరసలో ఉన్నాయి.

అయిదు మూరలు. నాలుగో రోజే యుర్లిస్ చెప్పింది. చేపముళ్ళు ఏరుకుంటూ చెప్పింది.

"ఎతెక్, ఇది ఎప్పటినుంచి ఇలా ఉంది?"

"జపానువాళ్ళ కాలంలో భూమి ఊగి ధాన్యం గాదెలు ఒరిగాయి చూడు, అప్పటినుంచి. ఊరు ఊరంతా మసీదు మైదానంలో వారం పడుకున్నారట. తిరిగొచ్చేసరికి గట్టు వంకర. ఊళ్ళో ఎవరూ లేని వారం చూసి జరిపారు అని గోల. వెనకెప్పుడో గట్టు తిన్నగా ఉండేదని కాగితం కూడా ఉంది. దాన్ని చూపించే కదా మమ్మల్ని దొంగల్ని చేశారు."

"కాగితమా? తేదీ ఉందా?"

"నేను చూశానా పెట్టానా? షంసినార్ ఇంట్లో ఉంది."

మాట అనేశాక ఇద్దరూ ఏటి వైపు చూశారు. అస్నిదార్ ఆ ఇంటి గడప తొక్కలేదు, ఆమె తల్లీ తొక్కకుండానే పోయింది. కొంగుతో ముఖం తుడుచుకుని, గట్టు మీదుగా దిగడం మొదలుపెట్టింది. తెగిన చోట దాటేటప్పుడు అలవాటుగా రెండు చేతుల మట్టి తీసి, పెచ్చు లేచిన చోట మెత్తి మరీ నడిచింది.

షంసినార్ అరుగు మీద మిరపకాయలు ఆరబోస్తోంది. డెబ్బై దాటిన మనిషి, వెడల్పాటి ముఖం. తల ఎత్తి చూసి, మళ్ళీ మిరపకాయల మీదికి వంగింది.

"దారి తప్పావా?"

"లేదు ఉని. నీ దగ్గరికే."

అక్కా అన్న పిలుపుకి షంసినార్ చెయ్యి ఆగింది. "వరసలు కలుపుతున్నావే. ఇంకో అయిదు మూరలు కావాలా?"

"కాగితం కావాలి. మా అమ్మ మీద పెట్టింది."

"చింపడానికా?"

"చదవడానికి. నాకు రాదు, ఈ అమ్మాయి చదువుతుంది."

"గెంపా బు కూడా నీ వైపేనా? తింటోందిగా నీ అన్నం, విన్నాను."

"నేను ఎవరి వైపూ కాదు," అంది గుస్నెలి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆ కాగితం నిజమైతే మీ అమ్మ అబద్ధం చెప్పలేదు. వీళ్ళమ్మా దొంగ కాదు. కాగితం నిజమో కాదో చూడాలి."

"నిజం కాకపోవడమేంటి?" షంసినార్‌కి ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. విసురుగా లోపలికి వెళ్ళి వెదురు గొట్టం తెచ్చి, బిరడా తీసి, కాగితాన్ని మోకాలి మీద పరిచింది. అరబ్బీ అక్షరాల పాత మలయు రాత. గుస్నెలికి తాత నేర్పిన అక్షరాలు అవి. కూడబలుక్కుంటూ చదివింది. ఆమె తడబడిన చోటల్లా షంసినార్ కాగితం చూడకుండానే అందించింది. కొండ రాయి నుంచి ఏటి రాయి దాకా తాడు లాగి కట్టగా గట్టు తాడును ఎక్కడనూ దాటలేదు. కింద నలుగురు మేనమామల ముద్రలు. పక్కన తేదీ, హిజ్రీ సంవత్సరంతో సహా. జపానువాళ్ళు రావడానికి మూడేళ్ళ ముందు.

"తాడు ఉందా?" అంది గుస్నెలి.

తాడు షంసినార్ ఇంట్లోనే దొరికింది, గేదెని కట్టేది. సరిపోకపోతే గుస్నెలి గడుల దారం ఉండ విప్పి ముడివేశారు. షంసినార్‌ని కొండ రాయి దగ్గరికి నడిపించడానికి అరగంట పట్టింది. దారిపొడుగునా సణిగింది, మోకాళ్ళని, ఎండని, అస్నిదార్ వంశాన్నీ తిట్టింది. కొండ రాయి దగ్గర నిలబడ్డాక తిట్టు ఆగిపోయింది. అక్కడినుంచి ఆమె ఎప్పుడూ చూడలేదు. తన మళ్ళకి నీళ్ళు పెట్టుకోవాలన్నా ఆ పై చివరకి రాకుండా డెబ్బై ఏళ్ళు చుట్టూ తిరిగి వెళ్ళిన మనిషి.

కింద ఏటి రాయి దగ్గర అస్నిదార్ దారం కొస పట్టుకుని చిన్నగా కనిపిస్తోంది.

షంసినార్ చాలాసేపు చూసింది. కుడికి గెంతిన గట్టుని, మధ్యలో గాలికి ఊగుతున్న దారాన్ని.

"ఇక్కడినుంచి చూస్తే," అని ఆగింది. "ఇక్కడినుంచి చూస్తే మేమే జరిపినట్టుంది."

"ఆవిడ ఇప్పుడు అక్కడినుంచి మీరు చూసింది చూస్తోంది," అంది గుస్నెలి.

"భూమి ఊగడం తెలుసు. నడుస్తుందని ఎవరూ చెప్పలేదే." షంసినార్ రాయి మీద కూలబడింది. "మా అమ్మ చచ్చిపోయేటప్పుడు కూడా వాళ్ళ పేరెత్తి ఉమ్మింది."

గుస్నెలి కాగితాన్ని, గట్టుని, దారాన్ని, టేపుని, రెండు చివర్ల నుంచీ ఫోటోలు తీసింది. ఈసారి ఏ నీడా లేదు. హర్జోనోకి ఫోను చేసింది.

"పొలం గట్టు వంకరగా ఉందని ఆనకట్ట ఆపమంటావా?" అన్నాడతను, ఎప్పటిలా మెత్తగా.

"గట్టు కాదు పాక్, తగువు. తగువుకి తేదీ ఉంది. అది వంకర కాకముందు నలుగురు ముద్రలు వేశారు."

"నివేదికలో పేజీలు సరిపెట్టడం నా పని, గుస్నెలి. నీకు తెలుసు."

"తెలుసు. అందుకే మీకు చెప్పి మరీ పంపుతున్నాను."

పెన్సిళ్ళ డబ్బాలోంచి చింపిన కాగితం వెతికి తీసింది. తరిగాన్‌కి అన్నీ పంపింది. నీడలో నీడగా ఉన్న పదకొండు జెండాల ఫోటోలు కూడా. జవాబు వస్తుందో రాదో అనుకుని జేబులో పెట్టుకునేలోగా ఫోను మోగింది. "ఎల్లుండి వస్తున్నా. కాగితం జాగ్రత్త. ఆ ఇద్దరినీ చెరో రాయి దగ్గర నిలబెట్టు. ఈసారి ఎవర్నీ ఏమీ మెత్తొద్దని చెప్పు."

అస్నిదార్ గట్టు వెంట దారం చుట్టుకుంటూ పైకొచ్చింది. వచ్చి, షంసినార్‌కి కాస్త దూరంలో కూర్చుంది. క్షమించమనడం ఆ ఊళ్ళో ఆడవాళ్ళకి అలవాటు లేదు. పొద్దుటి పొట్లం చంకలోంచి తీసి, విప్పి, గుస్నెలి ముందుకి తోసింది. చల్లారిన అన్నం, కర్రపెండలం ఆకు కూర, రెండు ఎండుచేపలు.

గుస్నెలి ఒక ముద్ద తీసుకుంది. రెండో ముద్దకి ముందు, పక్కనుంచి ఇంకో చెయ్యి వచ్చింది. ముడతలు పడ్డ చెయ్యి, మిరపకాయల ఎరుపు ఇంకా వదల్లేదు. అన్నం, కూర కలిపి ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది షంసినార్. మెల్లగా నమిలింది. అస్నిదార్ ఏటి వైపు చూస్తోంది. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

"ఉప్పు తక్కువ," అంది షంసినార్.

"ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు," అంది అస్నిదార్.

"ఎవరు చెప్తారు, తింటే కదా." షంసినార్ ఇంకో ముద్ద కలిపింది. "మీ అమ్మ కూడా ఇలాగే వండేదేమో."

గుస్నెలి నోట్లో ముద్ద ఆగిపోయింది. పదిరోజులుగా ఈ అన్నమే తింటోంది. నమిలింది. ఆకు పసరు, మిరప ఘాటు, చేప నీచు, ఒకదాని వెనక ఒకటి నాలుకకి తగిలాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మిరపకాయ వల్లే అనుకుంది.

నిజమే. ఉప్పు తక్కువే.